కృత్తిక కార్తెలోనే కాపుదల
(పసులకును గొఱ్ఱెలకును వానకాలమున వచ్చు రోగములనుగూర్చి కర్షకులకు చేసిన ఉపన్యాసము)

ఇప్పుడు కృత్తిక కార్తె నడచుచున్నది. రోహిణి యెండలు దాటినంతనే మృగశిర ప్రవేశించును. మీలో అనేకులు పొలములకు పెంట తోలియున్నారు. నాగళ్లకు కఱ్ఱులు సరిచేయించియున్నారు. విత్తనములు ఏరి గాలించి భద్రపఱచియున్నారు. ఇదియంతయు సంతోషింపదగినదే. అయితే నేను మిమ్ములనొక ప్రశ్న యడుగుచున్నాను. ఆ నాగలిని లాగవలసిన యెద్దును వానకాలమునకు మీరెట్లు సిద్ధపఱచితిరి?

ఈ ప్రశ్న యడుగుటకు కారణము కలదు. ఒక సంవత్సరము మృగశిర ప్రవేశించిన మూడవ దినమున తెల్లవాఱకముందే ఒక రైతు నా తలుపు తట్టెను. “అయ్యా, రాత్రినుండి ఎద్దు మేత ముట్టలేదు. గొంతు వాచింది. గుఱక పెట్టుచున్నది. జల్ది రావలె” నని చెప్పెను. మేము ఊరు చేరునప్పటికే ఆ యెద్దు ప్రాణము విడిచినది. దాని జోడైన రెండవ యెద్దుకు అప్పుడే జ్వరము తగిలియుండెను. వెంటనే సూదిమందు పడుటచేత అది బ్రతికినది. కాని ఒంటియెద్దుతో సేద్యమెట్లు జరుగును? ఊరిలో ఎవరి దుక్కి వారిది. అరువు జత ఆయనకు దొరకునప్పటికి భూమిలో పదును తప్పిపోయెను. ఆ యేడు ఆయన చేనిలోని జొన్న జానెడెత్తు మించి లేవలేదు.

నెలదినముల క్రిందట టీకా వేయువారు ఆ యూరికి పోయినప్పుడు ఆయన, “నా ఎడ్లు మంచిగనే ఉన్నవి గద అయ్యా, సూది ఎందుకు?” అని చెప్పి వారిని పంపివేసియుండెను. నేటి నా ఉపన్యాసమంతయు ఆ యొక్క ప్రశ్నకు సమాధానమే. ఎద్దు బాగుగా నున్నది గనుకనే టీకా వేయింపవలెను. టీకా రోగికి మందు కాదు. ఆరోగ్యముతోనున్న పశువునకు కంచె. పంట మేసిపోయిన తరువాత కంచె నాటువాడెవడును లేడు గదా!

రోగములు వానతోనేల వచ్చును?

వానకాలపు రోగములు అకస్మాత్తుగా వచ్చినట్లు మనకు తోచును గాని, అవి కార్తెలను తప్పక వచ్చునవియే. ఇందుకు నాలుగు కారణములు కలవు. మొదటిది, వేసవి మూడు నెలలును ఎండుమేతతో గడపిన పశువు వానలు కురియునప్పటికి బలహీనమై యుండును. ఆ స్థితిలోనే అది వానలో తడిసి, నాగలి లాగవలసివచ్చును. రెండవది, నేలలో ఏండ్లతరబడి అణగియున్న రోగబీజములు వఱదతో పైకివచ్చి గడ్డికిని గుంటలలోని నీటికిని అంటుకొనును. మూడవది, వేసవియంతయు ఆకలిగొన్న మంద లేత పచ్చికపై ఒక్కసారిగా పడి మేయును. నాలుగవది, బురదలో దోమలు, ఈగలు, నత్తలు విస్తారముగా పుట్టును. ఈ నాలుగును తెలిసినయెడల ఏ రోగమును ఏ దినములలో అడ్డుకొనవలెనో మనమే చెప్పగలము.

ఎద్దులు, ఆవులు, బఱ్ఱెలు

పైన చెప్పిన రైతు ఎద్దును చంపినది గొంతువాపు. దీనిని గుఱకరోగమనియు చెప్పుదురు. దీని సూక్ష్మక్రిమి కొన్ని పశువుల గొంతులో ఏ బాధయు కలిగింపక దాగియుండును. పశువు నీరసించి, తడిసి, అలసినప్పుడు అది విజృంభించును. తీవ్రమైన జ్వరము, నోట చొంగ, గొంతుక్రింద వేడిగల వాపు, నాలుక వెలికి వచ్చుట, ఊపిరాడక గుఱకపెట్టుట దీని గుర్తులు. సాధారణముగా ఒకటి రెండు దినములలో ప్రాణము పోవును. బఱ్ఱెలకు ఈ రోగము మఱింత ప్రమాదకరము. జ్వరము కనబడినంతనే వైద్యము జరిగిననే ఆశ గలదు. గుఱక ప్రారంభించిన పిమ్మట మందు పనిచేయుట అరుదు.

రెండవది జబ్బవాపు. ఇది ముఖ్యముగా 6 నెలలు మొదలు రెండు మూడు సంవత్సరముల వఱకు వయస్సుగల దూడలకు వచ్చును. వానిలోను బాగుగా బలిసినవానినే ఎన్నుకొనును. దూడ ఉన్నట్లుండి కుంటును. తొడమీదగాని జబ్బమీదగాని వాపు లేచును. ఆ వాపును వ్రేళ్లతో నొక్కినయెడల లోపల గాలి నిండినట్లు చిటపట మను చప్పుడగును. దీని బీజములు నేలలో నుండును. ఒకమారు వచ్చిన ఊరికి ఇది మఱల మఱల వచ్చుటకు కారణమదియే. ఈ రెండు రోగములకును సంవత్సరమునకొకమారు, వానలకు ముందు, టీకా వేయింపవలెను.

మూడవది గాలికుంటు. నోటిలోను గిట్టల నడుమను బొబ్బలు లేచి పుండ్లగును. పెద్ద పశువులు దీనితో చచ్చుట తక్కువయే గాని, పాలు కుడుచు దూడలు గుండె చెడి చచ్చును, పాడి తగ్గును, కోలుకొనిన యెద్దులలో కొన్ని ఎండలో ఆయాసపడుచు మునుపటివలె పని చేయజాలవు. దీనికి 6 నెలలకొకమారు టీకా కావలయును. 2019వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన జాతీయ పశురోగ నియంత్రణ కార్యక్రమములో ఈ టీకా చేర్పబడినది. రోగము తగిలిన పశువును వేఱుగా కట్టి, నోటి పుండ్లకు వెలిగారము తేనెలో కలిపి పూసి, గిట్టలను కడిగి వేపనూనె రాసి, మెత్తని మేతయు జావయు పెట్టుడు. ఆ పశువు త్రాగిన తొట్టిలో వేఱొక పశువును త్రాగనీయకుడు.

గొఱ్ఱెలు, మేకలు

గొల్ల కురుమ సోదరులారా! మీలో ఒకరు నన్నిట్లడిగిరి: “అయ్యా, బక్క పిల్లలు బతుకుతున్నవి. బలిసినవే రాత్రికి రాత్రి పడిపోతున్నవి. ఇదేమి చిత్రము?” ఇది చిత్రము కాదు, చిటుకు రోగము. దీని క్రిమి గొఱ్ఱె ప్రేగులలో ఎప్పుడును కొంచెముగా నుండును. ఆకలిగొన్న గొఱ్ఱె లేత పచ్చికనుగాని ధాన్యమునుగాని మితిమీఱి తినినప్పుడు ఆ క్రిమి ప్రేగులలో విపరీతముగా పెరిగి విషమును పుట్టించును. ఆ విషము రక్తములో కలిసి గొఱ్ఱెను గంటలలో చంపును. ఎక్కువగా తినునది బలమైన పిల్లయే గనుక మొదట చచ్చునదియు అదియే. పేరునకు తగినట్లు ఇది చిటికెలో ముగియు రోగము. మందు తెచ్చుటకు వ్యవధి యుండదు. కనుక దీనికి టీకాయే దిక్కు. మొదటిసారి టీకా పొందు పిల్లలకు రెండు మూడు వారములకు మఱల ఒకమారు వేయింపవలెను. తొలకరి పచ్చిక మొలచిన దినములలో మందను ఆకలితో తోలకుడు. ముందు కొంచెము ఎండుమేత వేసి, పిదప కొద్దిసేపు మాత్రమే మేపి, దినదినమునకు కొంచెముగా మేపు సమయమును పెంచుడు.

గొఱ్ఱెలకు నీలినాలుక యనునది మఱియొక గండము. కంటికి సరిగా ఆనని చిన్న దోమలు కుట్టుటచేత ఇది వ్యాపించును. గొఱ్ఱెనుండి గొఱ్ఱెకు తాకుటచేత వ్యాపించునది కాదు. జ్వరము, పెదవులును ముఖమును వాచుట, ముక్కునుండి చీమిడి కాఱి గట్టిపడుట, నోటిలో పుండ్లు, గిట్టల మొదట ఎఱ్ఱనై కుంటుట దీని లక్షణములు. నాలుక కొన్నింటికి మాత్రమే నీలముగా మాఱును. మందను మిట్టమీద మాపుడు. చిత్తడి నేలలయొద్దను, చెఱువు గట్లక్రిందను మాపకుడు. సంధ్యవేళ వేపాకు పొగ వేయుట మంచిది. దీనికి ఇప్పుడు టీకా కలదు. వానలు ముదురకమునుపే వేయింపవలెను.

జీవాల ముసర అనునది కన్నులనుండియు ముక్కునుండియు నీరు కాఱుట, నోటి పుండ్లు, దుర్వాసనగల పారుడు, ఆయాసము అనువానితో వచ్చును. గొఱ్ఱెలకంటె మేకలను ఎక్కువగా బాధించును. ఒకమారు వేసిన టీకా దీనినుండి కనీసము 3 సంవత్సరములు కాపాడును. ఒకప్పుడు పసులను ఊళ్లకు ఊళ్లుగా తుడిచిపెట్టిన పెద్ద ముసర దీనికి దాయాది రోగమే. మన దేశము ఆ పెద్ద ముసరనుండి విముక్తమైనట్లు 2006లోను, ప్రపంచమంతటను అది నశించినట్లు 2011లోను ప్రకటింపబడినది. అది తనంతట తాను పోలేదు. ఊరూర పసులకు టీకాలు వేయుటచేతను, రోగము పొడసూపిన చోటనే దానిని నిలిపివేయుటచేతను పోయినది. దాయాది కూడ అట్లే పోవలెనన్న మీ మందలో ఒక్క జీవమును టీకానుండి దాచకుడు.

ఇక గిట్టల పుండ్లు. బురదలో నిలిచిన గొఱ్ఱె గిట్టల నడుమ తోలు మెత్తబడి చీము పట్టును. 10 లీటర్ల నీటికి అరకిలో మైలుతుత్తము వంతున కలిపి, లోతులేని తొట్టిలో పోసి, గిట్టలు మునుగునట్లు మందను నడిపింపుడు. తుత్తపు నీరు గొఱ్ఱెకు విషము గనుక దానిని త్రాగనీయకుండ ముందుగా మంచినీరు త్రాపి తోలుడు. మిగిలిన నీటిని చెఱువులోగాని కాలువలోగాని పోయకుడు.

చప్పుడు చేయక చంపునవి నట్టలును జలగలును. జలగరోగము బురదనీటి నత్తలవలన వచ్చును. నత్తనుండి వెలువడిన పిల్లక్రిములు నీటియంచున నున్న గడ్డికి అంటుకొనును. ఆ గడ్డి మేసిన గొఱ్ఱె కాలేజములో జలగలు చేరును. దవడక్రింద నీరు దిగి సంచివలె వ్రేలాడును. ఇంటివద్దనే చేయదగిన పరీక్ష యొకటి చెప్పెదను. గొఱ్ఱె క్రిందికనుఱెప్పను వ్రేలితో మెల్లగా త్రిప్పి చూడుడు. లోపల ఎఱ్ఱగా నున్నయెడల భయము లేదు. తెల్లబాఱియున్నయెడల క్రిములు రక్తమును హరించుచున్నవని యనుమానింపుడు. నట్టలమందు బరువును బట్టి ఈయవలెను. అంచనాగా తక్కువ పోసినయెడల నట్టలు చావవు సరికదా, ఆ మందునకు అలవాటుపడును. నట్టల మందులన్నియు జలగలపై పనిచేయవు. ఏది యీయవలెనో పశువైద్యుని యడుగుడు.

టీకానుగూర్చిన సందేహములు

టీకా వేసిన మఱునాడే రక్షణ కలుగునని తలంపరాదు. శరీరములో రోగనిరోధకశక్తి పుట్టుటకు రెండు మూడు వారములు పట్టును. మృగశిరకు వాన పడునన్న లెక్కతో వెనుకకు ఎంచి చూడుడు. కృత్తిక కార్తెయే సరియైన కాలమని తేలును. ఊరిలో మొదటి పశువు పడిన తరువాత పరుగెత్తుట ఆలస్యమే.

“టీకా వేయించిన పాలు తగ్గును” అందురు. ఒకటి రెండు దినములు కొంచెము తగ్గవచ్చును, మఱల వచ్చును. సూది గుచ్చినచోట చిన్న గడ్డ కట్టవచ్చును, క్రమముగా కరగిపోవును. “చూడి గొఱ్ఱెలు ఈచుకపోవును” అందురు. చూడి జీవములను తరిమి, కాళ్లు పట్టి పడవేసినయెడల టీకా లేకున్నను ఈచుకపోవును. వానిని నెమ్మదిగా పట్టుడు. ఎన్నవ నెల చూడియో వైద్యునికి ముందే చెప్పుడు. “పోచమ్మ చల్లగా చూచును” అందురు. బోనమెత్తుట మీ యాచారము; దానిని నేను కాదనను. మ్రొక్కు మ్రొక్కుడు; టీకా దినమును మాత్రము తప్పింపకుడు.

టీకాయందు నమ్మకము లేనివారికి ఒక వృత్తాంతము చెప్పెదను. 1881వ సంవత్సరమున ఫ్రాన్సు దేశములో లూయీ పాశ్చరు అను శాస్త్రజ్ఞుడు 24 గొఱ్ఱెలకు దొమ్మరోగపు టీకా వేసి, మఱి 24 గొఱ్ఱెలకు వేయక విడిచెను. మే నెల 31వ తేదీన అన్నింటికిని ఆ రోగపు క్రిములను ఎక్కించెను. జూన్ 2వ తేదీన చూడవచ్చిన జనులయెదుట టీకా పొందిన గొఱ్ఱెలన్నియు నిలిచి మేయుచుండెను. టీకా లేని గొఱ్ఱెలు ఆ సాయంకాలమునకు ఒక్కటియు మిగులలేదు.

చచ్చిన పశువును కోయకుడు

ఈ దొమ్మనుగూర్చి మీరు మిక్కిలి శ్రద్ధగా వినవలెను. ఇది పశువుతో ఆగక మనుష్యుని కూడ పట్టు రోగము. నిన్న సాయంకాలము మేసివచ్చిన పశువు నేడు హఠాత్తుగా చచ్చిపడును. కడుపు త్వరగా ఉబ్బును. ముక్కునుండియు ఆసనమునుండియు గడ్డకట్టని నల్లని రక్తము కాఱును. ఇట్టి కళేబరమును ముట్టవలదు, కోయవలదు, తోలు తీయవలదు.

ఎందుచేత ననగా, దొమ్మక్రిమి చచ్చిన పశువు రక్తములోనుండును. కళేబరము విప్పబడనియెడల ఆ క్రిములలో అధికభాగము లోపలనే క్రుళ్లుటలో నశించును. కత్తి పడి రక్తము గాలికి తగిలినయెడల ఆ క్రిములు గట్టి పెంకుగల బీజములుగా మాఱును. ఆ బీజములకు ఎండ, వాన లెక్కలేదు. 1942లో యుద్ధప్రయోగములకై స్కాట్లండునొద్ద గ్రుయినార్డ్ అను ద్వీపమున గొఱ్ఱెలపై ఈ బీజములను విడిచిరి. నేలను మందులతో శుద్ధిచేసి ఆ ద్వీపము క్షేమకరమని ప్రకటించునప్పటికి 1990వ సంవత్సరము వచ్చినది. ఇట్టి విషమును మన బీడులో మనమే నాటుకొనవచ్చునా?

సోదరులారా! మీ యిబ్బంది నేనెఱుగనిది కాదు. వేలు పోసి కొన్న యెద్దు చచ్చినప్పుడు తోలైనను అమ్ముకొందమని తోచును. గొఱ్ఱె చచ్చినప్పుడు మాంసమైనను పంచుకొని నాలుగు డబ్బులు రాబట్టుకొందమని తోచును. బీదరికమున ఈ యాలోచన సహజము. అయినను ఆ మాంసము కోసినవారి చేతులకు నల్లని పెచ్చుగల పుండు లేచును; తినినవారికి ప్రాణాపాయము కలుగును; రక్తము చిందిన నేల మీ మనుమల మందలను గూడ చంపును. తోలు డబ్బు ఒక్క దినమున ఖర్చగును; నేల విషము తరములు నిలుచును.

కాబట్టి హఠాత్తుగా చచ్చిన పశువును కుక్కలు, గ్రద్దలు ముట్టకుండ కాపలా పెట్టి పశువైద్యశాలకు కబురంపుడు. వారి యెదుట కాల్చివేయుట ఉత్తమము. కాల్చుటకు వీలులేనియెడల చెఱువునకును బావికిని దూరముగా 6 అడుగులకు తక్కువకాని లోతున పూడ్చి, ముండ్లకంప వేయుడు. ఎవరైనను ఆ కళేబరమును ముట్టియున్నయెడల దాచిపెట్టక వెంటనే ఆసుపత్రికి పోవలెను. తొలిదశలో చికిత్సచే నయమగును. దొమ్మ టీకా మాత్రము ఆ రోగము మునుపు కనబడిన ప్రాంతములలోనే, ఏటేట వేయింపవలసినది.

ఇంటివద్ద చేయవలసినవి

కొట్టములో నేల వాలుగా నుండవలెను, మూత్రము నిలువరాదు. తడిసిన యెద్దును తుడిచి పొడినేలపై కట్టుడు. గుంటనీరు మాని బావినీరు తొట్టిలో పోసి త్రాపుడు. సంతనుండి తెచ్చిన పశువును, గొఱ్ఱెను మూడు వారములు వేఱుగా కట్టి చూచి, పిదప మందలో కలుపుడు.

ఇంకొక ప్రమాదము కలదు. వాన వెనుకపట్టి, జొన్నపైరు వాడి గిడసబాఱినప్పుడును, కోసిన జొన్నమోళ్లు మఱల చిగిర్చినప్పుడును ఆ లేతజొన్నలో విషము చేరును. దీనినే నాము అందురు. గట్టుదాటి చేనిలో పడిన పశువు కొద్ది నిమిషములలో వణకి, ఊపిరాడక పడిపోవును. పూత రాని లేతజొన్నను మేపకుడు. పశువు పడినయెడల క్షణమైనను ఆలసింపక వైద్యుని పిలువుడు. విఱుగుడు మందు కలదు.

కార్తెలవారి లెక్క

గుర్తుండుటకై మఱల చెప్పుచున్నాను. భరణిలో నట్టల మందు పోయుడు, కొట్టము బాగుచేయుడు. కృత్తికలో ఎద్దులకు, ఆవులకు, బఱ్ఱెలకు గొంతువాపు, జబ్బవాపు టీకాలును, గొఱ్ఱెలకు చిటుకు టీకాయు వేయింపుడు. ఏ టీకాలను ఒకే దినమున వేయవచ్చునో వైద్యుడు నిర్ణయించును. రోహిణి చివర పిల్లలకు రెండవమారు చిటుకు టీకా వేయింపుడు. మృగశిర, ఆరుద్రలలో మందను ఆకలితో పచ్చికపైకి తోలకుడు. ఆశ్లేష, మఖలలో మఱల నట్టల మందు పోసి, గిట్టలను పరీక్షింపుడు. స్వాతి, విశాఖలలో జలగలకు మందు పోయింపుడు. గాలికుంటు టీకాకు 6 నెలల గడువు ఎప్పుడు నిండునో ఇంటిగోడపై వ్రాసిపెట్టుకొనుడు.

ఒక్కరు వేయించి పదిమంది మానినయెడల ఊరికి రక్షణ లేదు. అందఱి పసులును ఒకే బీడులో మేయును, ఒకే చెఱువులో త్రాగును. కావున ఊరంతయు కలసి ఒక దినము నిర్ణయించుకొని, ఆ దినమున పసులను మేతకు తోలక ఊరిముందర నిలుపుడు.

మొదట చెప్పిన రైతు ఆ మఱుసటి యేడు కృత్తికలో తన యెద్దునేగాక, తన వాడలోని పసులనన్నింటిని తోలుకొని వచ్చెను. తన నష్టముచేత ఆయన నేర్చినదానిని మీరు ఏ నష్టమును లేకయే నేర్చుకొందురుగాక. ఇంటికి పోయినంతనే ఇరుగుపొరుగుతో మాటాడి టీకాదినమును నిర్ణయింపుడు. వానకు ఇంక వారములు మాత్రమే యున్నవి.